అజ్ఞానమను అపవాదు

ఏటేటా పన్నెండవ తరగతి ఫలితములు వెలువడి కళాశాలల ప్రవేశములు మొదలగు వేళకు, సూరతు నగరమునందలి తెలుగువారి సభలలో ఒక్కటే ఉపన్యాసము వినవచ్చును. వక్త మారును, వేదిక మారును, మాట మాత్రము మారదు. ప్రభుత్వములు విద్యార్థుల కొరకు లెక్కకు మిక్కిలిగా పథకములు పెట్టినవట. నిధులు వ్యయము గాక మురిగిపోవుచున్నవట. మన మరమగ్గాల కార్మికులే తెలియనితనము వలననో, అలసత్వము వలననో, దరఖాస్తు పెట్టుకొనక బిడ్డల చదువులను చేతులార చెడగొట్టుకొనుచున్నారట. కావున వారికి కావలసినది ధనము కాదు, అవగాహనయట. ఈ మాటను విద్యాధికులు చెప్పుదురు, పత్రికలు వ్రాయును, అధికారులు వల్లింతురు. ఎవరిని గూర్చి ఇది అనబడుచున్నదో ఆ నేతపనివారు సైతము తలలూపి, తప్పు తమదేనని ఒప్పుకొందురు. నిందితుడే ఒప్పుకొన్న నేరమునకు విచారణ యెందులకని ఎవరైనను అడుగవచ్చును. అయినను ఈ నింద అసత్యమనియు, అసత్యమైనంతతో ఊరకుండక అసలు దోషిని కాపాడుచున్నదనియు చూపుటకు పూనుకొనుచున్నాను.

ముందుగా ఈ నింద మోయుచున్నవారెవరో చూడవలెను. ఓరుగల్లు, కరీంనగరము, నల్లగొండ ప్రాంతములలో చేతిమగ్గము కూడు పెట్టలేని స్థితి వచ్చినపుడు పద్మశాలీలు షోలాపురమునకు, భివండికి, బొంబాయికి, సూరతునకు తరలిపోయిరి. సూరతులో వారు లింబాయత్, ఉధ్నా, గోడాదరా వంటి పేటలలో నిలదొక్కుకొని, మరమగ్గముల మీద పాలియెస్టరు బట్ట నేయసాగిరి. వారి వెంట ఇతర కులముల వారును వచ్చిరి. నగరపాలక సంస్థ గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా పాఠశాలలతోబాటు తెలుగు ప్రాథమిక పాఠశాలలను కూడ నడుపుచున్నదనిన, ఈ జనము కొద్దిపాటిది కాదని తెలియును. పన్నెండు గంటల పాళీలో నిలువుకాళ్ళ మీద నిలిచి, ఒక్కడే పలు సాంచాలను (మరమగ్గములను) కనిపెట్టుకొని తిరుగుచు, మీటరు లెక్కన కూలి పుచ్చుకొను ఈ మనిషికి లెక్క తెలియదనుట నవ్వు పుట్టించును. మీటరు కూలిలో కొన్ని పైసలు తగ్గినచో ఆ మాట సాయంకాలమునకే పేటయంతటను ప్రాకును. ఏ సేటు ఉపాడ్ ఇచ్చును (ముందుగా తీసికొను కూలికి ఈ ఊరిలో అదే పేరు), ఏ సేటు లెక్క తేల్చునపుడు మీటర్లు మింగును, ఏ కర్మాగారములో నూలు నాసిరకము గనుక పోగు మాటిమాటికి తెగును, ఇవన్నియు ఎరిగినవానికి, కూతురి ఫీజులో సగము ప్రభుత్వమిచ్చునను సంగతి ఒక్కటే చెవిని పడలేదని మనము నమ్మవలెనట! పడినది. వాట్సాప్ వచ్చిన తరువాత ఏ పథకమును రహస్యముగా మిగులలేదు. ఉన్న పథకములే కాదు, లేని పథకములు కూడ అతనికి తెలియును.

తెలిసినంతనే సాయమందునని వాదించువారు ఒక చిన్న లెక్క వేయ మరచిరి. కేంద్ర ప్రభుత్వము కళాశాల విద్యార్థులకిచ్చు ఉపకార వేతనమును చూడుడు. దేశమంతటికిని ఏటా కొత్తగా ఇచ్చునవి 82,000. వాటిని కోరువారు తమ బోర్డు పన్నెండవ తరగతి పరీక్షలో 80 పర్సంటైలునకు పైబడినవారై, కుటుంబాదాయము 4,50,000 రూపాయలు మించనివారై, మరియొక ఉపకార వేతనము పొందనివారై ఉండవలెను. వచ్చునది డిగ్రీ చదువు మూడేండ్లును సంవత్సరమునకు 12,000 రూపాయలు. ఈ దేశమున ఏటా కోటికి మించిన పిల్లలు పన్నెండవ తరగతి గట్టెక్కుచున్నారు. రేపటి ఉదయమునకు దేశములోని ప్రతి తల్లికి, ప్రతి తండ్రికి సంపూర్ణమైన అవగాహన కలిగినదనుకొందము. అందరును ఒకేసారి దరఖాస్తు పెట్టిరనుకొందము. అపుడు పెరుగునవి వేతనములు కావు, తిరస్కారములు.

ఇక గుజరాతు ప్రభుత్వము 2015 లో, పాటీదారుల ఆందోళన ముమ్మరముగా నున్న దినములలో ప్రకటించిన ముఖ్యమంత్రి యువ స్వావలంబన యోజన కలదు. ఇది మంచి పథకమని చెప్పుటకు నేను జంకను. సూరతులోని తెలుగు పిల్లవానికి తెరచియున్న తలుపు ఏదైన ఉన్నచో అది ఇదియే. కులముతో దీనికి నిమిత్తము లేదు. ఆదాయ పరిమితి 6,00,000 రూపాయలు. ఇంజనీరింగు చదువునకు ఫీజులో సగమో, 50,000 రూపాయలో, ఏది తక్కువైన అది ఇత్తురు. వైద్యవిద్యకు 2,00,000 దాక, బి.ఏ., బి.కాం. వంటి చదువులకు 10,000 దాక ఇత్తురు. కాని ఇచటను 80 పర్సంటైలు కావలెను. చాలమంది దీనిని నూటికి ఎనుబది మార్కులని పొరబడుదురు గాని, దాని భావము వేరు. పరీక్ష వ్రాసిన నూర్గురిలో ఎనుబదిమందిని వెనుక విడిచి ముందు నిలుచుట. అనగా పథకమును రచించిననాడే ఐదుగురిలో నలుగురిని గడప వెలుపల నిలిపిరి. ఆ నలుగురిలో మరమగ్గాల పేటల పిల్లలు ఎక్కువగా ఉండుటలో వింతయేమి కలదు? ఎనిమిదవ తరగతితో ప్రాథమిక దశ ముగియగానే తెలుగు నుండి గుజరాతీకో, హిందీకో, ఇంగ్లీషునకో మారి, రాత్రి పాళీ ముగించుకొని వచ్చిన తండ్రి పగలంతయు నిద్రించుచుండగా, చీరెల దారపు కొసలు కత్తిరించుచు, మెరుపు రాళ్ళు అంటించుచు తల్లి కూర్చున్న ఆ ఒక్క గదిలోనే పాఠములు చదువుకొన్న పిల్లవాడు డెబ్బదవ పర్సంటైలు తెచ్చుకొన్నాడనిన, నా దృష్టిలో అది ట్యూషనుల మీద ట్యూషనులు చెప్పించుకొన్నవాని తొంబదికి తీసిపోదు. అతనికి సాయము రాకపోయినది తెలియక కాదు.

అవగాహనా వాదమును పరీక్షకు పెట్టి చూచినవారు లోకములో లేకపోలేదు. అమెరికా దేశమున కళాశాల సాయము కోరు కుటుంబములు ఫాఫ్సా అను దీర్ఘమైన దరఖాస్తును నింపవలెను. 2008 లో ఒహాయో రాష్ట్రమునందును, ఉత్తర కరోలినాలోని షార్లట్ నగర ప్రాంతమునందును, ఎచ్ అండ్ ఆర్ బ్లాక్ అను పన్ను లెక్కల సంస్థ కార్యాలయములలో, ఎరిక్ బెట్టింగర్, బ్రిడ్జెట్ టెరీ లాంగ్ మొదలగు ఆర్థికశాస్త్రజ్ఞులు ఒక ప్రయోగము చేసిరి. పన్ను లెక్కలు వ్రాయించుకొన వచ్చిన అల్పాదాయ కుటుంబములలో కొన్నింటికి, చేతనున్న ఆ లెక్కలనే వాడి, అక్కడికక్కడే దరఖాస్తు నింపిపెట్టిరి. మరికొన్నింటికి మీకింత సాయము రాగలదని అంకెలతో సహా చెప్పి, దరఖాస్తు పెట్టుకొనుడని ప్రోత్సహించి పంపివేసిరి. అనగా మన సభలలో జరుగుచున్నదానికంటె శ్రద్ధగా అవగాహన కల్పించిరి. తరువాతి మూడేండ్లలో, దరఖాస్తు నింపిపెట్టినవారి పిల్లలలో రెండేండ్ల కళాశాల విద్య పూర్తిచేసినవారు నూటికి 28 నుండి 36 కు పెరిగిరి. కేవలము సమాచారము పొందినవారిలో ఏ మార్పును కానరాలేదు. కొంచెము మార్పని కాదు, మార్పే లేదు. 2020 లో ఆ దేశము చట్టము చేసి దరఖాస్తులోని ప్రశ్నలనే తెగగోసినది. ఆ సంస్కరణ అమలుకు వచ్చినపుడు తడబడి పిల్లలను కొన్ని నెలలు ఏడిపించిన మాట నిజమే గాని, చిక్కు దరఖాస్తుదారుని బుద్ధిలో లేదు, దరఖాస్తులోనే ఉన్నదని ఒప్పుకొనుటకైనను వారు జంకలేదు.

మన చిక్కు అంతకంటె లోతైనది. అమెరికా పిల్లవానికి దరఖాస్తు పొడుగు. సూరతు తెలుగు పిల్లవానికి అసలు ఏ ప్రభుత్వమునకు దరఖాస్తు పెట్టవలెనో తేలదు. లింబాయత్‌లో పుట్టి, అచటనే చదివి, పన్నెండవ తరగతి గుజరాతు బోర్డులో ఉత్తీర్ణుడైన ఒక పద్మశాలి బాలుని ఊహింపుడు. ఈ నగరముననే 1961 లో స్థాపింపబడిన సర్దార్ వల్లభభాయి జాతీయ సాంకేతిక సంస్థ కలదు. అందు సగము సీట్లు స్వరాష్ట్ర విద్యార్థులవి. స్వరాష్ట్రమేదని నిర్ణయించునది పన్నెండవ తరగతి ఎచట ఉత్తీర్ణుడాయెనను ఒక్క విషయమే. కావున ఆ ప్రవేశముల లెక్కలో మనవాడు నిస్సందేహముగా గుజరాతీయుడు. అతడే తండ్రి పుట్టిన జిల్లా ధ్రువపత్రము చూపి, మేము వెనుకబడిన తరగతివారమని గుజరాతు ఉపకార వేతనము అడిగినచో, ఆ పత్రము తెలంగాణది, మా జాబితా వేరు, మా పత్రము వేరు అందురు. సరే, తెలంగాణమునకే పోదమనిన, 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేండ్లు ఆ ప్రాంతములో చదివినవాడే స్థానికుడు, మనవాడు స్థానికేతరుడు. ఇంతకు ఆ కుఱ్ఱడు చేసిన అపరాధమేమి? కదలినది అతడు కాదు, వాని తాత!

ఈ చిక్కును ముందే పసిగట్టిన తండ్రులు కొందరు బిడ్డను హైస్కూలు నాటికే ఊరిలో నాయనమ్మ వద్దకు పంపుదురు. అప్పుడేమగును? నాలుగేండ్ల చదువుతో పిల్లవాడు తెలంగాణలో స్థానికుడగును గాని, గుజరాతు యోజనకు దూరమగును, ఏలయన దానికి గుజరాతులోని పాఠశాలలో ఉత్తీర్ణత కావలెను. అటు తెలంగాణ ఫీజు రీయింబర్సుమెంటునకు వెనుకబడిన తరగతుల వారి ఆదాయ పరిమితి పల్లెలలో 1,50,000 రూపాయలు, పట్టణములలో 2,00,000. సూరతులో రెండు పాళీల మధ్య నలిగి తండ్రి సంపాదించునది, తల్లి ఇంటిపట్టున సంపాదించునది కలిపినచో ఆ గీత దాటుట కష్టము కాదు. దానిలో గది అద్దె ఎంత పోవుచున్నదో ఏ నమూనా పత్రమును అడుగదు. గుజరాతు గజముతో కొలిచినచో పేదవాడైన మనిషి, తెలంగాణ గజముతో కొలిచినచో కలవాడగును. ఆ కొలతకు కూడ తహసీల్దారు ఆదాయ ధ్రువపత్రము కావలెను. పదునైదేండ్లుగా ఊరిలో లేని మనిషి ఆదాయమును ఆ ఊరి తహసీల్దారు దేనిని చూచి ధ్రువపరచును? ఇదంతయు ఎరిగి, ఏది తక్కువ నష్టమో తూచుకొని, ఎనిమిదవ తరగతిలోనే బిడ్డను ఎడబాయుటకు సిద్ధపడిన ఆ తండ్రిని చూచి మన వక్త అవగాహన లేదనుచున్నాడు.

షెడ్యూల్డు కులముల, తెగల వారి సంగతి ఇంకను స్పష్టముగా లిఖింపబడియున్నది. 1985 లో కేంద్ర హోంశాఖ పంపిన ఉత్తరువు ప్రకారము, ఒక రాష్ట్రము నుండి మరియొక రాష్ట్రమునకు వలస వచ్చినవాడు తన మూల రాష్ట్రమునకు సంబంధించిన మేలులకే అర్హుడు, వచ్చిచేరిన రాష్ట్రములో కాడు. ఈ నియమము న్యాయస్థానమున పరీక్షకు వచ్చినపుడు ఆ వ్యాజ్యము వేసినది ఒక తెలుగు విద్యార్థియే. తెనాలిలో పుట్టి, తొమ్మిదవ యేట తండ్రి ఉద్యోగము వెంట బొంబాయి చేరి, అచటనే చదివి, ఆంధ్రప్రదేశమున షెడ్యూల్డు తెగగా గుర్తింపు గల తన వర్గము పేరిట వైద్యకళాశాలలో సీటు కోరిన ఆ యువకుని అభ్యర్థనను, మహారాష్ట్రలో ఆ గుర్తింపు చెల్లదని త్రోసిపుచ్చిరి. మర్రి చంద్రశేఖరరావు కేసుగా ప్రసిద్ధమైన ఆ వ్యాజ్యములో 1990 లో సర్వోన్నత న్యాయస్థానపు రాజ్యాంగ ధర్మాసనము నియమమునే సమర్థించెను. ఒక కులము ఒక చోట అనుభవించు హైన్యము మరియొక చోట అదే రూపమున ఉండకపోవచ్చునను ఆ తర్కమును నేను తేలికగా తీసివేయను. జాబితాలు రాష్ట్రములను బట్టి వేరుగా నుండుటకు కారణము అదియే. ఈ చిక్కుకు తగిన చట్టము చేయుట పార్లమెంటు పనియని ధర్మాసనమే సూచించినది కూడ. అది జరిగి ముప్పది యేండ్లు దాటినవి. సీటు సంగతి అటుంచుడు. ఫీజు కట్టలేకపోవుట రాష్ట్రమును బట్టి మారునా? గోదావరి దాటినంతనే లేమి తగ్గిపోవునా? కులజాబితాకు చెప్పిన తర్కమును దారిద్ర్యమునకు అంటగట్టుటయే ఇచట జరిగిన అన్యాయము.

కాగితముల విషయమునకు వత్తును. వాదము చేయువారు నిజముగా కన్నులు తెరచి చూడవలసిన చోటు ఇది. మీటరు లెక్కన కూలి పుచ్చుకొనువానికి జీతపు చీటీ ఉండదు. సేటును అడిగినచో వ్రాసియీయడు, ఏలయన ఇతడు నా పనివాడని కాగితము మీద ఒప్పుకొన్నచో భవిష్యనిధి, ఈ.ఎస్.ఐ. బాధ్యతలు తలకు చుట్టుకొనునని అతని భయము. అద్దెగదికి కరెంటు బిల్లు యజమాని పేర వచ్చును. అద్దె ఒప్పందము వ్రాసియిచ్చుటకు యజమానికి మనసొప్పదు. కాబట్టి తలాటీ అను రెవెన్యూ ఉద్యోగి జరుపు పంచనామాకు సాక్షులను వెంటబెట్టుకొని, జనసేవా కేంద్రములో వరుసలో నిలిచి, ప్రమాణపత్రము వ్రాయించి, తనకు ఇంతే వచ్చుచున్నదని అతడు ఒట్టు పెట్టుకొనవలెను. నిలిచిన ప్రతి దినమును కూలి పోవును. పేదరికమును నిరూపించుకొనుటకు ఇంత వ్యయమగునని పథకము వ్రాసినవారు ఎన్నడైనను లెక్కించిరా?

దీని మీద పేరు వలన వచ్చు చిక్కొకటి కలదు. తెలుగువాని పేరులో ఇంటిపేరు ముందు వచ్చును; తరచు ఒక్క అక్షరముగా ముడుచుకొని యుండును. గుజరాతులో పిల్లవాని పేరు నడుమ తండ్రి పేరు చేరును. పాఠశాలలో గుమాస్తా తనకు తెలిసిన పద్ధతిని వ్రాసికొనును, ఆధారులో తల్లి చెప్పిన పద్ధతిని పడును, బ్యాంకులో పట్టినంత మేరకు పడును. తీరా పోర్టలు ముందు కూర్చున్నపుడు ఒకే పిల్లవాడు ముగ్గురుగా కనబడును. కంప్యూటరు ఆ ముగ్గురిలో ఏ ఒక్కరికిని సొమ్ము పంపదు. దీనిని సరిదిద్దుటకు గెజిట్ ప్రకటన దాక పోయినవారు కలరు. ఇది అజ్ఞానమా? అజ్ఞానమే అయినచో ఎవరిది?

కాలము మాట మరువరాదు. కళాశాల ఫీజు ప్రవేశము నాడు కట్టవలెను. సాయము మాత్రము సీటు పొంది, ఫీజు కట్టి, రసీదు జతపరచి, సహాయ కేంద్రములో పత్రములు సరిచూపించుకొన్న తరువాత, ఎన్నడో ఖాతాలో పడును. ముందుగా కట్టగలిగినవానికే తిరిగి ఇత్తురన్నమాట. కట్టలేనివాడు సేటు వద్ద ఉపాడ్ తీసికొనును. ఉపాడ్ తీరువరకు ఆ కర్మాగారము విడువరాదు, మీటరు కూలి తగ్గించినను నోరెత్తరాదు. కూతురి మొదటి సంవత్సరపు ఫీజు తండ్రిని రెండేండ్లు ఒక సేటునకు కట్టివేసినదనిన, తరువాత వచ్చిన సర్కారు సొమ్మును ఏ పద్దులో వ్రాయవలెను? తెలుగు రాష్ట్రములలో ఈ ఆలస్యమునకు ఇంకొక రూపము కలదు. అచట ప్రభుత్వములు కళాశాలలకు బకాయిపడును. కళాశాలలు విద్యార్థుల సర్టిఫికెట్లు బిగబట్టును. ఉద్యోగము వచ్చిన పిల్లవాడు పత్రములు విడిపించుకొనుటకై ఫీజు తానే కట్టును. 2008 లో వెనుకబడిన తరగతుల పేదలకును ఫీజులు తిరిగి చెల్లింతుమని మొదలిడినపుడు వేలాది గడపలలో మొదటి ఇంజనీరు పుట్టినమాట నిజము. పిదప పదివేల లోపు ర్యాంకు రానివారికి 35,000 రూపాయలతో సరిపెట్టుట, దానిని కూడ ఏండ్ల తరబడి బాకీ పెట్టుట మొదలాయెను. ఆ బాకీ ఏ తల్లి అజ్ఞానము వలన పేరుకొనలేదు.

మోసముల మాట ఎత్తుదురని ఎరుగుదును. నియమములు సడలించినచో దొంగ ధ్రువపత్రములు వెల్లువెత్తుననియు, ఉన్నవారు లేనివారి సొమ్ము కాజేయుదురనియు అందురు. మోసములు జరిగినవి, ఫీజు రీయింబర్సుమెంటు సొమ్ము కొరకు లేని విద్యార్థులను చూపిన కళాశాలలు సైతము ఉండెను. కాని ఆ మోసములు చేసినవారెవ్వరును కాగితము లేక చిక్కుపడలేదు. దొంగవాని దస్త్రము ఎల్లప్పుడు సంపూర్ణముగా నుండును. ముద్రలు తప్పవు, పేర్లు కలియును, తేదీలు వరుసలో నుండును. అసంపూర్ణముగా నుండునది నిజమైన పేదవాని దస్త్రమే. కాగితమును కఠినతరము చేసినకొలది మొదటివాడు సులభముగను, రెండవవాడు కష్టముగను దాటునది ఏ విధమైన కాపలా?

అప్పు తీసికొనరాదా అను పెద్దలకు ఒక్క మాట చాలును. 2024 నవంబరులో కేంద్రము ఆమోదించిన ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకము హామీ లేని ఋణములను, 8,00,000 లోపు ఆదాయము గలవారికి వడ్డీలో 3 శాతము తగ్గింపును ఇచ్చుచున్నది. కాని అది దేశమున ర్యాంకులలో ముందున్న విద్యాసంస్థలకే పరిమితము; ఆమోదించిననాడు అవి 860. ఉధ్నా పిల్ల చేరునది పేటకు దగ్గరలోని సాధారణ కళాశాలలో. ఆ జాబితాలోని సంస్థలో చేరగల పిల్లకు అప్పు ఎటులైనను పుట్టును.

సాయము చేయుట యెట్లో ఈ ప్రాంతమునకు తెలియని విద్య కాదు. సూరతునకు చేరువనున్న నవసారి ఒకప్పుడు బరోడా సంస్థానములోనిది. ఆ సంస్థానాధీశుడు సాయాజీరావు గైక్వాడు 1913 లో భీమరావు అంబేడ్కరును కొలంబియా విశ్వవిద్యాలయమునకు పంపినపుడు, నెలకు పదకొండున్నర పౌనుల చొప్పున మూడేండ్లకు వేతనము ఏర్పరచెను. అంబేడ్కరు సంస్థానమున పదేండ్లు కొలువు చేయుదునని ఒడంబడిక వ్రాసియిచ్చెను. ముందు డబ్బు, పిదప చదువు, ఆపైన ఋణవిముక్తి, క్రమము అది. అమెరికాలో చదువుకొని, ఫీజు రసీదులు పట్టుకొని రమ్మని ఆ మహారాజు చెప్పియుండినచో ఏమగునో చదువరులే ఊహింపవచ్చును. ఆ కథలోనే రెండవ సంగతి కూడ కలదు. 1917 లో ఆ మాట చెల్లించుటకు బరోడా వచ్చిన అంబేడ్కరునకు తల దాచుకొన ఇల్లు దొరకలేదు. పారసీల సత్రములో దిగగా అచటినుండి కూడ వెళ్ళగొట్టిరి. చదువునకు వేతనమిచ్చిన రాజ్యము నివాసమునకు పూచీ వహింపలేదు. ఈనాటి పథకములును అంతే. హాస్టలు పేరిట నెలకు 1,200 రూపాయలిచ్చు యువ స్వావలంబన యోజన, ఆ సొమ్ముతో నేటి సూరతులో ఏ గది దొరకునో చెప్పదు. దళిత విద్యార్థులకు మెట్రిక్ అనంతర వేతనము 1944 లోనే, అంబేడ్కరు పట్టుదల మీదనే, మొదలైనదని మరువరాదు. ఎనుబదేండ్లు నడచిన పథకము కూడ వలసపోయినవాని వెంట నడువ నేర్వలేదు.

మన పూర్వుల వారాల పద్ధతిని కొందరు ఇచట తలచుకొని నిట్టూర్తురు. దినమునకొక యింట భోజనము చేసి చదువుకొన్న ఆ పిల్లలను ఎవరును ఆదాయపత్రము అడుగలేదు, నిజమే. కాని కులమడిగిరి. ఆ దయ అందరికిని అందలేదు గనుకనే హక్కుగా అడుగగల సాయము కావలసివచ్చెను. దానిని మరల దయగా మార్చుటకు నేను సమ్మతింపను. మన సంఘములు ఇచ్చు ప్రతిభా పురస్కారములును ఆ బాపతువే: తొంబదైదు శాతము వచ్చిన పిల్లకు జ్ఞాపిక ఇత్తురు, ఆ పిల్లకు సాయము ఎటులైనను వచ్చును, డెబ్బది వచ్చి ఫీజు గడువు దాటిపోవుచున్న పిల్లను సభకు పిలువరు.

కావలసినది ఏమియో నేను కొత్తగా కనిపెట్టనక్కరలేదు. అన్నియు ఈ దేశములోనే అమలులో నున్నవి. జాతీయ సాంకేతిక సంస్థల ప్రవేశములో పన్నెండవ తరగతి చదివిన చోటే స్వరాష్ట్రమని లెక్కించినట్లు, ఫీజు సాయమునకును అదే కొలత పెట్టవచ్చును. ఒకే దేశము ఒకే రేషను కార్డు ఏర్పాటులో 2022 నాటికి రాష్ట్రములన్నియు చేరినవి. తెలంగాణ కార్డు గల నేతగాడు సూరతు చౌకధరల దుకాణములో వ్రేలిముద్ర వేసి ధాన్యము తెచ్చుకొనవచ్చును. ఆ కార్డు ఇచ్చుటకు ఒకప్పుడు పరీక్షించిన పేదరికమునే కళాశాలలో మరల ఎందులకు నిరూపించవలెను? సంఘములు తమ వంతుగా ఉపన్యాసములు మాని, జూన్ నెలంతయు రాత్రివేళ, పాళీ ముగిసిన తరువాత, పత్రములు సరిచేయు బల్లలు పెట్టవచ్చును. మొదటి విడత ఫీజును వడ్డీ లేని చేబదులుగా ఇచ్చి, ప్రభుత్వ సొమ్ము రాగానే తిరిగి పుచ్చుకొనవచ్చును. అప్పుడైనను సేటు ఉపాడ్ పట్టు కొంత సడలును.

రాష్ట్రముల ఖజానాలు వేరువేరు గదా, ఒకరి బిడ్డ ఫీజు మరొకరు ఎట్లు భరింతురని చివరి అభ్యంతరము. సూరతులో మన నేతగాడు నేసిన బట్ట హైదరాబాదు అంగడిలో అమ్ముడైనప్పుడు దాని మీది పన్ను గుజరాతులో నిలువదు. 2017 లో వచ్చిన జి.ఎస్.టి. పద్ధతిలో రాష్ట్రము దాటిన సరకు పన్నులో రాష్ట్రపు వాటా, ఆ సరకు వినియోగమైన తెలంగాణమునకే చేరును. అది ఏ తాను, ఏ సాంచా మీద నేసినది, నేసినవాని తాత ఎచటివాడు అని ఎవరును అడుగరు. రెండు ఖజానాల నడుమ లెక్క దానంతట అదే తేలుచున్నది. బట్ట విషయమున తేలుచున్న ఆ లెక్కను, ఆ బట్ట నేసినవాని కూతురి ఫీజు విషయమున కూడ తేల్చుడని అడుగవలసినది ప్రభుత్వములను. ఆ కూతురిని, ఆమె తండ్రిని కాదు.